బందరు నుంచి బ్లాకర్స్ రోడ్డుకు: రఘుపతి వెంకయ్య నాయుడు, ఆయన కట్టిన గెయిటీ

చెన్నైలో చదువుతున్న పిల్లలకు మౌంట్ రోడ్డు తెలిసే ఉంటుంది. ఇప్పుడు దాని పేరు అన్నా సాలై. ఆ పెద్ద రోడ్డు నుంచి చింతాద్రిపేట వైపు ఒక దారి చీలుతుంది. దాన్ని బ్లాకర్స్ రోడ్డు అంటారు. కేసినో థియేటరు ఉన్న దారి అంటే ఇంకా త్వరగా గుర్తుపడతారు. ఆ దారిలోనే ఒకప్పుడు గెయిటీ అనే సినిమా హాలు ఉండేది. మద్రాసు నగరంలో ఒక భారతీయుడు సొంతంగా కట్టించిన మొట్టమొదటి సినిమా హాలు అదే. కట్టించిన ఆయన మన తెలుగువాడు, రఘుపతి వెంకయ్య నాయుడు.

తెలుగు సినిమాకు పితామహుడని ఆయనను పిలుస్తారు. పితామహుడంటే తాత. ఈ తాత ఒక్క సినిమాకైనా కథ రాసినట్టో, తెర మీద వేషం కట్టినట్టో మనం చదవం. ఆయన చేసిన పని వేరు. సినిమా అనే కొత్త వస్తువుకు మన ఊళ్లో ఒక ఇల్లు కట్టాడు. తర్వాత ఆ ఇంటిని పోగొట్టుకున్నాడు. ఈ వారం ఆయన జీవితాన్నీ, ఆ ఇంటి కథనూ కలిపి చెప్పుకుందాం.

తుపాను తిన్న ఊరు

వెంకయ్య నాయుడు 1869 అక్టోబరు 15న మచిలీపట్నంలో పుట్టారు. దానికే బందరు అని ఇంకో పేరు. బందరు అంటే ఓడరేవు. డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు వ్యాపారం కోసం దిగిన పాత రేవు అది. అక్కడి కలంకారీ బట్టలు సముద్రాలు దాటి వెళ్లేవి.

వెంకయ్య పుట్టడానికి అయిదేళ్ల ముందు, 1864 నవంబరు 1న, ఆ ఊరి మీద పెద్ద తుపాను పడింది. సముద్రం పొంగి ఊళ్లోకి వచ్చింది. సుమారు ముప్పై వేల మంది చనిపోయారని లెక్క. ఆ దెబ్బ తిన్నాక రేవు మళ్లీ మునుపటిలా కోలుకోలేదు. వెంకయ్య పెరిగిన బందరు, గొప్ప రోజులు వెనకబడిపోయిన బందరు.

అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. హైకోర్టు, విశ్వవిద్యాలయం, పెద్ద అచ్చుయంత్రాలు, పెద్ద దుకాణాలు అన్నీ మద్రాసులోనే. తెలుగు కుర్రవాడు చదువుకోవాలన్నా, చేతిపని నేర్చి నాలుగు డబ్బులు సంపాదించాలన్నా మద్రాసు రైలెక్కడమో, ఓడెక్కడమో చేయాల్సిందే. వెంకయ్య కూడా యువకుడిగానే మద్రాసు చేరి, ఫోటోగ్రఫీ పని పట్టుకున్నారు.

అప్పటి ఫోటోగ్రఫీ ఇప్పటిలా ఫోనులో నొక్కితే అయిపోయే పని కాదు. పెద్ద కెమెరాలో మందు పూసిన గాజు పలకలు పెట్టేవారు. ఎండ వెలుగే దీపం. మనుషులను కదలకుండా కూర్చోబెట్టాలి. తర్వాత చీకటిగదిలో రసాయనాలతో బొమ్మను బయటికి రప్పించాలి. వెలుతురు ఎంత, నీడ ఎంత అన్న లెక్క తెలిసినవాడికే అది పట్టుబడుతుంది. వెంకయ్యకు పట్టుబడింది. మౌంట్ రోడ్డులో సొంత స్టూడియో పెట్టుకున్నారు, పేరు తెచ్చుకున్నారు. అక్కడితో ఆగినా ఆయన జీవితం హాయిగానే గడిచిపోయేది.

తాకట్టు పడిన స్టూడియో

ఆ రోజుల్లోనే ప్రపంచంలో కదిలే బొమ్మ పుట్టింది. ఫ్రాన్సుకు చెందిన లూమియేర్ సోదరుల బొమ్మలను 1896 జులై 7న బొంబాయిలో వాట్సన్ హోటల్లో మొదటిసారి ఆడించారు. తర్వాత ఒకటి రెండేళ్లలోనే మద్రాసులోనూ ఇలాంటి ప్రదర్శనలు మొదలయ్యాయి. నిశ్చలమైన బొమ్మలు తీసే మనిషికి, ఆ బొమ్మే లేచి నడవడం చూస్తే మనసు ఆగుతుందా?

1909 ప్రాంతంలో వెంకయ్య దృష్టి క్రోనోమెగాఫోన్ అనే యంత్రం మీద పడింది. ఫ్రాన్సులోని గామోం కంపెనీ దాన్ని తయారు చేసింది. అందులో రెండు పరికరాలు కలిసి పనిచేస్తాయి. ఒకటి తెర మీద బొమ్మను ఆడించే ప్రొజెక్టరు. రెండోది పాటల పళ్లెం తిప్పే గ్రామఫోను. రెండూ ఒకే వేగంతో తిరిగితే, తెర మీది మనిషి పెదవి కదిపినప్పుడు గ్రామఫోను నుంచి మాట వస్తుంది. పెద్ద హాలులో చివరి వరుసకు కూడా వినపడేలా గాలి ఒత్తిడితో ఆ శబ్దాన్ని పెంచేవారు. కరెంటుతో శబ్దం పెంచే ఆంప్లిఫయరు ఇంకా వాడుకలోకి రాని కాలం అది. మన దేశంలో టాకీ రావడానికి ఇరవై ఏళ్లకు పైగా ముందే, మద్రాసు జనానికి మాట్లాడే బొమ్మ రుచి చూపించిన యంత్రం ఇది.

దాని ధర ముప్పై వేల రూపాయలని సినిమా చరిత్ర రాసినవారు చెబుతారు. ఆ మొత్తం ఎంతో ఇప్పుడు మనకు అర్థం కాదు కాబట్టి ఒక లెక్క చేద్దాం. అప్పట్లో ఒక బంగారు సవరను విలువ 15 రూపాయలు. సవరను అంటే మన కాసు, దాదాపు 8 గ్రాములు. ముప్పై వేలను పదిహేనుతో భాగిస్తే రెండు వేల సవరన్లు. అంటే సుమారు 16 కిలోల బంగారం! ఒక ఫోటోగ్రాఫరు చేతిలో అంత డబ్బు ఎక్కడుంటుంది? వెంకయ్య తన స్టూడియోను తాకట్టు పెట్టారు. అన్నం పెడుతున్న పనిని కుదువబెట్టి, రేపు ఏమవుతుందో తెలియని పనిని కొనుక్కున్నారు.

పార్కుటౌనులో ఎర్రటి గోడలతో ఇప్పటికీ నిలిచి ఉన్న విక్టోరియా పబ్లిక్ హాలులో ఆయన ఈ యంత్రంతో బొమ్మలు ఆడించారు. ఒక్కో బొమ్మ కొన్ని నిమిషాలే. తర్వాత డేరాలు వేసి ఊరూరా ఆడించడానికి బయలుదేరారు. దక్షిణాది ఊళ్లే కాదు, సింహళం, బర్మా కూడా వెళ్లారు. అప్పట్లో రంగూనులో పొట్టచేత పట్టుకుని వెళ్లిన తెలుగు కూలీలు వేల సంఖ్యలో ఉండేవారు. బరువైన యంత్రం, రీళ్లు, పాటల పళ్లేలు, తెర, డేరా గుడ్డ, గుంజలు అన్నీ బండి మీద, రైలు మీద, ఓడ మీద ఎక్కించుకుని తిరగడం అంటే మాటలు కాదు. వాన వస్తే డేరా తడుస్తుంది. రీలు తెగితే ఆ పూట ఆట పోతుంది. పళ్లెం ఒక్క చుట్టు వెనకబడితే తెర మీది మనిషి ముందు నోరు తెరుస్తాడు, మాట తర్వాత వస్తుంది!

డేరా నుంచి గోడల దాకా

డేరాలో ఒక చిక్కుంది. అది ఎవరి ఊరూ కాదు. నాలుగు రోజులు ఉండి లేచిపోతుంది. జనానికి సినిమా తిరునాళ్లలాంటిదే తప్ప రోజూ చూసేది కాదు. అది పేటలో నిలవాలంటే దానికి గోడలు కావాలి, పైకప్పు కావాలి, రోజూ తెరుచుకునే తలుపు కావాలి.

మద్రాసులో అప్పటికి సినిమా ఆడే చోట్లు తెల్లవాళ్ల చేతుల్లో ఉండేవి. 1913లో మౌంట్ రోడ్డులో ఎలక్ట్రిక్ థియేటర్ వచ్చింది. వార్విక్ మేజర్ అనే ఆంగ్లేయుడు దాన్ని నడిపాడు. ఆ ఏడాదే బొంబాయిలో దాదాసాహెబ్ ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ విడుదల చేశారు. మన కథలతో మన వాళ్లూ సినిమా తీయగలరని దేశానికి తెలిసింది. ఆ గాలి వీస్తున్న రోజుల్లోనే వెంకయ్య గెయిటీ కట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914 నాటికి మౌంట్ రోడ్డు పక్కన ఒక భారతీయుడి సినిమా హాలు నిలబడింది.

ఆయన ఒక్క హాలుతో ఆగలేదు. జార్జిటౌనులోని మింట్ స్ట్రీట్‌లో క్రౌన్ కట్టారు. పూర్వం అక్కడ నాణేలు అచ్చువేసే టంకశాల ఉండేది కాబట్టి ఆ వీధికి ఆ పేరు. తమిళంలో తంగసాలై అంటారు. పురసవాక్కంలో గ్లోబు కట్టారు. మూడు హాళ్లనూ ఒకే చోట కట్టలేదన్న సంగతి గమనించండి. ఒకటి తెల్లవారి దుకాణాలున్న పెద్ద రోడ్డు పక్కన, ఒకటి వ్యాపారుల వీధిలో, ఒకటి ఇళ్ల మధ్య పేటలో. జనం సినిమా దగ్గరికి రావాలని ఎదురుచూడకుండా సినిమానే జనం ఉండే చోటికి తీసుకెళ్లారు. డేరాతో ఊరూరా తిరిగిన మనిషికి ఆ కిటుకు తెలియకుండా ఉంటుందా!

భాష అక్కర్లేని తెర

అప్పటి సినిమా మూకీ. అంటే తెర మీది మనుషులు మాట్లాడరు. క్రోనోమెగాఫోనుకు సరిపడే బొమ్మలు చిన్నచిన్నవి. గంటల కొద్దీ నడిచే పెద్ద కథలకు ఆ పళ్లేలు చాలవు. కాబట్టి హాళ్లలో ఆడిన పెద్ద బొమ్మలన్నీ మూగవే.

మూగవైనంత మాత్రాన హాలు నిశ్శబ్దంగా ఉండేదనుకోకండి. ఆ కాలపు హాళ్లలో తెర దగ్గర హార్మోనియం, తబలా లేదా పియానో వాయించేవారు కూర్చునేవారు. గుర్రాలు పరుగెత్తితే తబలా పరుగెత్తేది. ఏడుపు వస్తే హార్మోనియం ఏడ్చేది. చాలా హాళ్లలో ఒక వ్యాఖ్యాత కూడా ఉండేవాడు. తెర పక్కన నిలబడి కథ చెబుతూ పోయేవాడు. చదువు రానివారికి ఆయనే కళ్లూ చెవులూ. మధ్యమధ్య తెర మీద అక్షరాలు పడేవి. మన దక్షిణాదిలో తీసిన బొమ్మలకు ఒకటికి మించిన భాషల్లో ఆ అక్షరాలు వేసేవారు.

చవకగా నేల మీద కూర్చునేవారు, బెంచీ మీద కూర్చునేవారు, వెనక కుర్చీల్లో కూర్చునేవారు అందరూ ఒకే తెర వంక చూసేవారు. మద్రాసు పేటల్లో తమిళం, తెలుగు, ఉర్దూ, గుజరాతీ పక్కపక్కనే వినిపిస్తాయి. నాటకానికి వెళ్లాలంటే ఆ భాష తెలియాలి. హరికథకు వెళ్లినా అంతే. మూకీ సినిమాకు ఆ అడ్డు లేదు. హనుమంతుడు కొండ ఎత్తితే అందరికీ అర్థమవుతుంది. దొంగ రైలు కప్పు మీద పరుగెత్తితే అందరికీ గుండె ఝల్లుమంటుంది. తెలుగువాడు కట్టిన హాలు తెలుగువాళ్ల హాలుగా మిగిలిపోకుండా, పేట మొత్తానికి హాలు అయింది.

ఇంట్లో ఒక భాష, బయట ఇంకో భాష మాట్లాడుకుంటూ పెరుగుతున్న మీకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. పక్కింటివాళ్లతో కలిసి నవ్వగలిగే చోటు ఎంత విలువైనదో మీకు తెలుసు.

కొడుకు కోసం, బొమ్మ కోసం

హాళ్లు నడుస్తున్నాయి. కానీ అందులో ఆడే బొమ్మలు బొంబాయి నుంచో, కలకత్తా నుంచో, అమెరికా, ఐరోపా నుంచో రావాల్సిందే. ఇల్లు మనది, వంట పరాయిది. ఈ వెలితి వెంకయ్యను కుదురుగా ఉండనివ్వలేదు. పురసవాక్కం ప్రాంతంలోనే నటరాజ మొదలియార్ అనే వ్యాపారి ‘కీచక వధం’ తీసి, దక్షిణాదిలోనూ సినిమా తీయవచ్చని నిరూపించారు.

వెంకయ్య తన కొడుకు సూర్యప్రకాష్‌ను సినిమా విద్య నేర్చుకోవడానికి విదేశాలకు పంపించారు. ఆర్. ఎస్. ప్రకాష్ అని సినిమా చరిత్రలో చదివేది ఈయన గురించే. ఇంగ్లండు, జర్మనీ, అమెరికా తిరిగి, అక్కడి స్టూడియోల్లో పని ఎలా జరుగుతుందో చూసి వచ్చారు. తండ్రీ కొడుకులు కలిసి పురసవాక్కంలో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అనే చిత్రనిర్మాణ సంస్థ పెట్టారు. దానికి గాజు స్టూడియో కట్టారు. గాజు ఎందుకంటే, అప్పటి సినిమాకు కూడా ఎండే దీపం. పైకప్పు గాజుదైతే వెలుతురు లోపలికి వస్తుంది. వాన, గాలి రావు. ఎండను వాడుకుని ఫోటోలు తీసిన పాత విద్యే ఇక్కడ మళ్లీ పెద్ద ఎత్తున కనబడుతుంది.

1921లో ఆ సంస్థ నుంచి ‘భీష్మ ప్రతిజ్ఞ’ వచ్చింది. ప్రకాషే దర్శకుడు, భీష్ముడు కూడా ఆయనే. గంగ వేషం పెగ్గీ కాస్టెలో అనే ఆంగ్లో ఇండియన్ యువతి వేశారు. మన ఇళ్లలోని ఆడపిల్లలు తెర మీదికి రావడానికి జంకే రోజులు కదా! తెలుగువాళ్లు తీసిన తొలి సినిమాగా దీన్నే చెప్పుకుంటాం. మూకీ కాబట్టి అందులో ఒక్క తెలుగు మాట కూడా వినిపించదు. అయినా తెలుగు సినిమా కథ అక్కడి నుంచే మొదలవుతుంది.

భీష్ముడి కథ మీకు తెలుసు. తండ్రి కోరిక తీరడం కోసం కొడుకు రాజ్యం వదులుకున్నాడు. ఈ ఇంట్లో అది తిరగబడింది. కొడుకు విద్య కోసం, అతడు తీసే బొమ్మ కోసం తండ్రి తాను కట్టుకున్న రాజ్యాన్ని పణంగా పెట్టాడు.

ప్రకాష్ ఆ తర్వాత ‘గజేంద్ర మోక్షం’, ‘నందనార్’ లాంటి మూకీలు తీశారు. ఆ పనిలో చేరి నేర్చుకున్నవారిలో కాకినాడకు చెందిన సి. పుల్లయ్య ఒకరు. 1934లో ‘లవకుశ’ టాకీ తీసి తెలుగునాట ఊళ్లకు ఊళ్లనే బండ్లు కట్టించి రప్పించిన దర్శకుడు ఆయనే. అంటే వెంకయ్య పెట్టిన పెట్టుబడి వృథా కాలేదు. కానీ ఆ ఫలం ఆయన పెట్టెలోకి తిరిగి రాలేదు.

చేజారిన హాళ్లు

సినిమా హాలుకూ, సినిమా తీయడానికీ తేడా ఉంది. హాలు అంటే పాడి ఆవు. రోజూ కొంచెం కొంచెంగా పాలిస్తుంది. సినిమా తీయడం అంటే మెట్ట పంట. ముందు ఉన్నదంతా నేలలో పోయాలి. వాన పడితే పంట, లేకపోతే అప్పు. వెంకయ్య పాలిచ్చే ఆవును చూపించి పంటకు అప్పు తెచ్చారు. బొమ్మలు అనుకున్నంత డబ్బు తేలేదు. దక్షిణాదిలో అప్పటికి హాళ్ల సంఖ్యా తక్కువే. తీసిన బొమ్మను ఎన్ని ఊళ్లలో ఆడిస్తే పెట్టుబడి తిరిగొస్తుందో అన్ని హాళ్లు లేవు. అప్పులు పెరిగాయి. గాజు స్టూడియో మూతపడింది. ఒకదాని వెనక ఒకటిగా హాళ్లు కూడా ఆయన చేయి దాటిపోయాయి.

ఇంతలో కాలమే మారిపోయింది. 1931లో ‘ఆలం ఆరా’తో మన దేశంలో టాకీ వచ్చింది. ఆ ఏడాది చివర్లోనే మద్రాసులో ‘కాళిదాస్’ విడుదలైంది. అందులో తమిళంతో పాటు తెలుగు, హిందీ మాటలు కూడా వినిపించాయి. 1932లో హెచ్. ఎం. రెడ్డి ‘భక్త ప్రహ్లాద’తో పూర్తిగా తెలుగు మాట్లాడే సినిమా వచ్చింది. తెర మాట్లాడడం మొదలుపెట్టాక వ్యాఖ్యాతకు పని పోయింది. హార్మోనియం మూగబోయింది. ఇది తమిళ బొమ్మ, ఇది తెలుగు బొమ్మ, ఇది హిందీ బొమ్మ అని జనం ఎంచుకోవడం మొదలైంది. మన భాష తెర మీద వినిపించడం గొప్ప సంతోషమే. కానీ అందరూ ఒకే బొమ్మకు వెళ్లే ఆ పాత రోజు మాత్రం వెళ్లిపోయింది.

ఇరవై ఏళ్ల కిందటే మాట్లాడే బొమ్మను నమ్మి స్టూడియో తాకట్టు పెట్టిన మనిషి, అసలు టాకీలు వచ్చిన రోజున తన హాలులో దాన్ని ఆడించే స్థితిలో లేరు. 1941 మార్చి 15న మద్రాసులో వెంకయ్య కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 71 ఏళ్లు. ప్రకాష్ సినిమాల్లోనే పనిచేస్తూ 1956లో పోయారు.

హాళ్లు మాత్రం ఆయన తర్వాత కూడా చాలా దశాబ్దాలు బతికాయి. గ్లోబు పేరు మార్చుకుని రాక్సీ అయింది. యజమానులు మారారు, కుర్చీలు మారాయి, టికెట్ల ధరలు మారాయి. టాకీలు, తర్వాత రంగుల సినిమాలు చూపించారు. పేటలో పుట్టిన పిల్లలు ముసలివాళ్లయ్యే దాకా ఆ హాళ్లు అక్కడే ఉన్నాయి.

వాటిని చివరికి పడగొట్టింది ఒక్క కారణం కాదు. ఇంటింటికీ టీవీ వచ్చింది. తర్వాత వీడియో క్యాసెట్లు వచ్చాయి. ఆ తర్వాత ఒకే కప్పు కింద నాలుగైదు తెరలున్న మల్టీప్లెక్సులు వచ్చాయి. అన్నిటికన్నా బలమైనది నేల ధర. నగరం నడిబొడ్డున ఎనిమిది వందల కుర్చీలు సగం ఖాళీగా ఉన్న హాలు కన్నా, అదే చోట అంతస్తుల మీద అంతస్తులుగా దుకాణాలు కడితే యజమానికి ఎన్నో రెట్లు ఎక్కువ వస్తుంది. గెయిటీని కూల్చేశారు. ఆ మూడు హాళ్లలో ఇప్పుడు ఏ ఒక్కదానిలోనూ బొమ్మ ఆడదు.

నిలిచినవీ, కూలినవీ

ఇక్కడ ఒక సంగతి ఆలోచించాలి. గెయిటీకి ఇంచుమించు ఈడుదైన ఎలక్ట్రిక్ థియేటర్ సినిమా హాలుగా ఎక్కువ కాలం నడవలేదు. కొన్నేళ్లకే మూతపడింది. అయినా ఆ భవనం ఇప్పటికీ ఉంది! తపాలా శాఖ దాన్ని కొనుక్కుని వాడుకుంది. అన్నా సాలై తపాలా కార్యాలయం ఆవరణలో తపాలా బిళ్లల సేకరణ విభాగం ఉన్నది ఆ పాత హాలులోనే. స్టాంపులు సేకరించే పిల్లలు అక్కడికి వెళితే, నూరేళ్ల కిందటి సినిమా హాలులో నిలబడినట్టే.

కొద్దికాలమే ఆడిన హాలు నిలిచింది. దశాబ్దాలు ఆడి, పేట మొత్తాన్ని నవ్వించి ఏడిపించిన హాలు పోయింది. తేడా ఎక్కడుంది? మొదటిదానికి సినిమా పోయాక కూడా ఇంకో పని దొరికింది. రెండోదానికి సినిమా ఒక్కటే పని. ఆ పని పోగానే అది నేల ధరగా మాత్రమే కనిపించింది. కట్టడం పాతదైనంత మాత్రాన నిలవదు, గొప్పదైనంత మాత్రాన కూడా నిలవదు. దానితో ఎవరికో ఒకరికి రేపు అవసరం ఉంటేనే నిలుస్తుంది.

బొమ్మల సంగతి ఇంకా విచారం. ‘భీష్మ ప్రతిజ్ఞ’ రీలు ఒక్క అడుగు కూడా మనకు మిగల్లేదు. అప్పటి ఫిల్ము నైట్రేటుతో తయారయ్యేది. నిప్పు అంటుకుంటే ఆగదు. నిప్పు తగలకపోయినా వేడికి, తేమకు జిగురులా మారి పొడి అయిపోతుంది. దక్షిణాది మూకీల్లో చెప్పుకోదగ్గంతగా మిగిలింది దాదాపు ఒక్కటే, 1933 నాటి ‘మార్తాండ వర్మ’. అది పుణెలోని జాతీయ ఫిల్ము భాండాగారానికి చేరింది కాబట్టి బతికింది.

వెంకయ్య విషయంలో మిగిలింది పేరు. 1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెలుగు సినిమాకు జీవితమంతా సేవ చేసినవారి కోసం రఘుపతి వెంకయ్య పురస్కారం ఏర్పాటు చేసింది. మొదట అందుకున్నవారు ఎల్. వి. ప్రసాద్. ఆ బహుమతి ప్రకటించినప్పుడల్లా పత్రికల్లో ఆ పేరు వస్తుంది. ఆ పేరు వెనక తాకట్టు పడిన స్టూడియో ఉందనీ, మద్రాసు పేటల్లో మూడు హాళ్లు ఉండేవనీ చదివేవారిలో ఎంతమందికి తెలుసు?

తెలుగు సినిమాకు మొదటి ఇటుక పడింది తెలుగు రాష్ట్రాల్లో కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక కూడా చాలా ఏళ్లు తెలుగు సినిమా మద్రాసులోనే తయారైంది. మాతృభాష ఇంట్లో, వేరే భాష వీధిలో ఉన్న ఊళ్లో, మీలాంటి కుటుంబాల మధ్యనే అది పుట్టింది. ఈ కథ ఎక్కడో దూరాన ఉన్నవాళ్ల కథ కాదు, మీ పేట కథ.

ఈ వారం మీ పని

మీరు చెన్నైలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, ముంబైలో ఉన్నా, యానాంలో ఉన్నా మీ దగ్గర్లో ఒక పాత సినిమా హాలు ఉండే ఉంటుంది. లేదా ఒకప్పుడు ఉండేది. దాన్ని వెతకండి. ఇంట్లో తాతయ్యనో, అమ్మమ్మనో, పక్కింటి పెద్దవారినో అడగండి. దాని పేరేమిటి? ముందు డేరానా, మొదటి నుంచీ గోడలేనా? నేల టికెట్టు ఎంత? తెలుగు బొమ్మ ఎప్పుడెప్పుడు వచ్చేది? వేరే భాషవాళ్లు కూడా చూడటానికి వచ్చేవారా? ఇప్పుడు ఆ చోట ఏముంది? పాత టికెట్టు ముక్క, కరపత్రం, ఫోటో ఏదైనా దొరికితే జాగ్రత్తగా దాచండి. విన్నదంతా తేదీ వేసి, చెప్పినవారి పేరుతో సహా ఒక నోటుపుస్తకంలో తెలుగులో రాయండి. మీ బడి గ్రంథాలయంలో ఆ పుస్తకం ఉంచమని మీ మాస్టారునో, టీచరమ్మనో అడగండి.

గెయిటీ గోడలను మనం మళ్లీ లేపలేం. మీ పేట హాలు గోడలను కూడా మనం ఆపలేకపోవచ్చు. కానీ అక్కడ నేల మీద కూర్చుని బొమ్మ చూసినవారు ఇంకా మీ ఇంట్లోనే ఉన్నారు. వాళ్లు చెప్పేది వినడానికి ఈ ఆదివారమే మంచి రోజు.